నవంబరు ఒకటి ఎవరి పండుగ?

ఈసారి ఒక తారీఖు గురించి రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, తీరుబడిగా చదవండి.

నవంబరు ఒకటి. మా బళ్ళారిలో ఆ రోజు కన్నడ రాజ్యోత్సవం. పైన పసుపు, కింద ఎరుపు ఉన్న జెండా ప్రతి ఆటో మీదా, ప్రతి కూడలిలోనూ ఎగురుతుంది. మన తెలుగువాళ్ళం కూడా వెళ్ళి భువనేశ్వరి పటానికి దండ వేసి, మిఠాయి తిని వస్తాం. కోస్తాలో ఉన్న మా చుట్టాలకు అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. రెండూ 1956లో, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లోకి వచ్చిన రోజున వచ్చినవే. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

అదే నవంబరు ఒకటి యానాంలో ఇంకో పండుగ. అది 1956ది కాదు, 1954ది. రాష్ట్రం పుట్టినందుకు చేసుకునేది కాదు, దేశం మారినందుకు చేసుకునేది. మన గుంపులో ప్రతి ఏడూ ఆ పొద్దున్న యానాం సభ్యులకు కూడా "అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు" వెళ్ళిపోతుంటాయి. వాళ్ళు మర్యాదకి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. పోయినసారి మాత్రం ఒకరు "మాకు ఇవాళ విమోచన దినం అండీ" అని రాశారు. దానికి జవాబుగా ఎవరో "యానాం ఆంధ్రలోనే కదా ఉంది" అన్నారు. ఆ మాట చదివినప్పుడు నేను యానాంలోనే, ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాను. నా పక్కన కూర్చున్నాయన కూడా తన ఫోనులో అదే చదివారు. నవ్వారు గానీ, అది సంతోషంగా నవ్విన నవ్వు కాదు.

ఆయన మన సంఘం సభ్యులే. రిటైరైన మాస్టారు, ఎనభై దాటారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మాస్టారనే అంటాను. "జెండా పండక్కి ఒకసారి మా ఊరు రండి బాబూ" అని రెండేళ్ళుగా పిలుస్తుంటే వెళ్ళాను. కాకినాడ దాకా రైలు, అక్కణ్ణుంచి తాళ్ళరేవు మీదుగా బస్సు. ఆ దారిలోనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది, 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఊడ్చిపెట్టేసింది. ఇంకాస్త ముందుకు పోతే బోర్డుల మీద రాష్ట్రం పేరు మారిపోతుంది. భాష మారదు, పొలాలు మారవు, కొబ్బరిచెట్లు మారవు. పెట్రోలు ధర మారుతుంది, మందు ధర మారుతుంది. బయటివాళ్ళలో సగం మందికి యానాం అనగానే ఆ రెండో ధరే గుర్తొస్తుంది. మాస్టారికి అది చెప్పలేని చిరాకు. "ఆయ్, మూడొందల ఏళ్ళ ఊరండీ ఇది. సీసా కోసం వచ్చి పోయేవాళ్ళకి ఏం తెలుస్తుందండీ" అన్నారు.

పొద్దున్న జెండా ఎగరేసే చోటికి ఇద్దరం వెళ్ళాం. ఇస్త్రీ బట్టల్లో బడిపిల్లలు, పోలీసుల కవాతు, జాతీయగీతం, ఉపన్యాసం. అంతా మన ఊళ్ళలో పంద్రాగస్టు జరిగినట్టే. జెండా కూడా మూడు రంగులదే. తేడా అల్లా ఆ ఉపన్యాసంలో వినిపించే పేర్లలో ఉంది. బ్రిటిషువాళ్ళ మాటే రాలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి వీధిలోవాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చారు. బళ్ళారి నుంచి పనిగట్టుకుని జెండా పండక్కి వచ్చిన మనిషి ఎవరా అని. ఒకావిడ కాజాల పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "మీ ఊళ్ళోనూ ఇవాళ జెండాయేనంట కదండీ?" అని అడిగింది. అవునమ్మా, కానీ వేరే జెండా అన్నాను. "అదేటండీ!" అని ఆశ్చర్యపోయింది. యానాం గురించి మనకెంత తెలుసో, బళ్ళారి గురించి వాళ్ళకీ అంతే తెలుసు. సరికి సరి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారన్న మాటతో ఈ వ్యాసం మొదలైంది. "పిలిచాను గానీ, నిజం చెప్పాలంటే ఇది పాండిచ్చేరి పండగండీ. మా పండగ జూన్ పదమూడు."

ఆ మాట అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన పాత తెలుగులో ఫ్రెంచివాళ్ళను పరాసులు అనేవారు. ఆ పరాసులు 1723లో గౌతమీ తీరాన యానాంలో వర్తకస్థావరం పెట్టారు. గిట్టుబాటు కాక నాలుగేళ్ళకే ఎత్తేశారు. మళ్ళీ 1731లో వచ్చారు. ఎందుకొచ్చారంటే బట్ట కోసం. ఈ చుట్టుపక్కల నేతగాళ్ళ గుడ్డకు అప్పట్లో సముద్రాల అవతల అంత గిరాకీ. ఇక్కడికి దగ్గర్లోనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు కూర్చున్నారు. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు కూర్చున్నారు. ఒక పూట ప్రయాణంలో మూడు దేశాల దుకాణాలన్న మాట. ఐరోపాలో ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంను లాక్కునేవారు, సంధి కుదిరాక తిరిగిచ్చేసేవారు. 1814 పారిస్ సంధి తర్వాత 1817లో ఆఖరిసారి ఇచ్చారు. ఆ తర్వాత నూటముప్ఫై ఏడేళ్ళు ఫ్రెంచి జెండా దిగలేదు. ఇక్కడ పనిచేసిన ఫ్రెంచి అధికారుల్లో పియెర్ సొన్నెరా అని ఒకాయన ఉన్నాడు. గొప్ప దేశదిమ్మరి, మొక్కల్నీ పక్షుల్నీ బొమ్మలు గీసుకుంటూ సగం భూమి తిరిగిన మనిషి. పారిస్‌లో విప్లవం నడుస్తున్న రోజుల్లో ఆయన యానాంలో అధికారి. పారిస్‌లో రాజును దించినవాళ్ళ జెండా, ఆ రాజును కలలో కూడా చూడని మన గోదావరి గట్టు మీద ఎగిరింది!

ఆ విప్లవం గుర్తుగానే జూలై 14ను ఫ్రాన్సు 1880లో చట్టం చేసి జాతీయ పండుగగా పెట్టుకుంది. అదే ఏడు ఫ్రెంచిండియాలో మున్సిపాలిటీలు కూడా వచ్చాయి. కాబట్టి యానాం తెలుగువాళ్ళకు మన తాతలకంటే ముందే ఓటు, మేయరు, జాతీయ పండుగ మూడూ తెలుసు. మాస్టారు ఫ్రెంచి బడిలో చదువు మొదలుపెట్టారు. ఒకటి నుంచి పది దాకా "ఆఁ, దో, త్రువా" అని ఇప్పటికీ తడుముకోకుండా చెప్తారు. "జూలై పద్నాలుక్కి మిఠాయి పెట్టేవారండీ. ఎందుకు పెడుతున్నారో మాకేం తెలుసు? జెండా అంటే మిఠాయి, అంతే." ఇవాళ పొద్దున్న మైదానంలో చూసిన పిల్లలకూ అంతేనేమో. వాళ్ళ తప్పేం లేదు. పండుగ ముందు నాలిక్కి అందుతుంది, బుర్రకి తర్వాత.

సరిహద్దు ఉందంటే దాని చుట్టూ బేరమూ ఉంటుంది. యానాం మంగళవారం సంతకు ఇంగ్లీషు ఏలుబడిలోని ఊళ్ళనుంచి జనం కట్టలు కట్టుకుని వచ్చేవారు. సీమసరుకు, సుంకం కట్టని సరుకు అక్కడ చవక. సరుకుతో పాటు ఇంకోటి కూడా సరిహద్దు దాటేది. 1929లో బ్రిటిషిండియాలో శారదా చట్టం చేశారు, మరుసటేడు ఏప్రిల్ నుంచి అమలు. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల జిల్లాల పెద్ద పెద్ద కుటుంబాలు పసిపిల్లల్ని వెంటబెట్టుకుని యానాంలో దిగి, పందిళ్ళు వేసి, తాళి కట్టించుకుని వెళ్ళిపోయేవారు. అందుకే యానాంకు కల్యాణపురం అని పేరొచ్చింది. ఎంత అందమైన పేరు, దాని వెనక ఎంత అన్యాయం! ఈ పేరును ముచ్చటగా చెప్పుకునేవాళ్ళను చూశాను, నాకు మాత్రం ముచ్చట అనిపించలేదు. ఇంకో సంగతి గమనించండి. ఆ పెళ్ళిళ్ళు చేసింది యానాంవాళ్ళు కాదు, చట్టం తప్పించుకోవడానికి వచ్చిన మనవాళ్ళు. సీసా కోసం వచ్చేవాళ్ళ మీద మాస్టారి చిరాకు అందుకే నాకు కొత్తగా అనిపించలేదు. బయటి తెలుగువాళ్ళు యానాంను ఒక సందులాగే వాడుకున్నారు, అప్పుడూ ఇప్పుడూ.

ఇక 1947. ఆగస్టు పదిహేనున దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. యానాంకు రాలేదు. ఊరు దాటి నాలుగడుగులేస్తే స్వతంత్ర భారతం, ఇటు ఫ్రెంచి సామ్రాజ్యం. 1948 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ ఒక మాట అనుకున్నాయి, ఎటు ఉండాలో ఆయా ఊళ్ళ జనమే తేల్చుకోవాలని. బెంగాల్లోని చందన్‌నగర్ 1949లో ఓటేసి భారత్ వైపు వచ్చేసింది. పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఇంకో అయిదేళ్ళు నలిగాయి. సుంకాల గోడ లేచింది. పొలం ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో ఉన్న మనిషి బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ నలుగుడులోనే 1953 అక్టోబరు ఒకటిన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. తెలుగు మాట్లాడేవాళ్ళందరికీ ఒక రాష్ట్రం అని పొట్టి శ్రీరాములుగారు ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రం. నడి మధ్యలో యానాం. ఆ రోజు కూడా అక్కడ ఎగురుతున్నది నీలం, తెలుపు, ఎరుపు జెండా. "ఆంధ్రలోనే కదా ఉంది" అన్న మిత్రుడు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలు. చుట్టూ ఉండటం వేరు, లోపల ఉండటం వేరు.

1954 తొలిరోజుల్లో గాలి మారింది. మార్చిలో పాండిచ్చేరి వైపు మేయర్లు, మంత్రిమండలి సభ్యులు విలీనం కావాలని తీర్మానం చేశారు. అప్పటిదాకా ఫ్రెంచివాళ్ళకు కుడిభుజంలా ఉన్న గూబేర్ కూడా ఇటు తిరిగాడు. మే 7న వియత్నాంలో దియన్ బియన్ ఫూ కోట కూలింది. ఆసియాలో ఫ్రాన్సు పని అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. అయిదు వారాలు దాటేసరికి, జూన్ 13న, యానాంలో విలీనవాదులు పరిపాలనను తమ చేతుల్లోకి తీసుకున్నారు. నాయకుడు దడాల రఫేల్ రమణయ్య. ఇక్కడి మనిషే, ఫ్రెంచివాళ్ళ కొలువులో పోలీసు ఇనస్పెక్టరుగా పనిచేసి, ఆ కొలువుకే ఎదురు తిరిగినవాడు. ఫ్రెంచి జెండా దిగింది, మూడు రంగుల జెండా ఎక్కింది. కొన్ని వారాల పాటు దడాలే ఊరి పరిపాలన చూశారు. తన అనుభవాలు తర్వాత ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. యానాం కవి బొల్లోజు బాబాగారు ఈ చరిత్రంతటినీ తెలుగులో పుస్తకాలుగా తెచ్చారు. ఆసక్తి ఉన్నవాళ్ళు "ఫ్రెంచిపాలనలో యానాం" సంపాదించి చదవండి.

ఇప్పుడు మాస్టారి మాట మళ్ళీ చూడండి. యానాంలో జెండా మారింది జూన్ 13న. మాహే జూలై 16న మారింది. పాండిచ్చేరి, కారైకాల్ తేలకుండా ఉండిపోయాయి. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో ఓటు పెట్టారు. జనమంతా కాదు, ఎన్నికైన ప్రతినిధులు. 178 మంది ఓటేస్తే 170 మంది భారత్ అన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. మూడోరోజు ఢిల్లీలో ఒప్పందం, నవంబరు ఒకటిన అధికారం బదిలీ. ఫ్రాన్సు తరఫున పియెర్ లాందీ అప్పగిస్తే, భారత్ తరఫున కేవల్ సింగ్ తీసుకున్నారు. అది జరిగింది పాండిచ్చేరిలో, యానాంకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో. ఆ రోజుకు యానాంలో దించడానికి ఫ్రెంచి జెండానే లేదు. నాలుగున్నర నెలల కిందటే దిగిపోయింది. అంటే మేము పొద్దున్న చూసిన కవాతు యానాం మైదానంలో జరిగినా, అది గుర్తు చేసుకునేది పాండిచ్చేరి కచేరీలో జరిగిన సంగతిని.

"మరి జూన్ పదమూడున మీరెక్కడున్నారు మాస్టారూ?" అని అడిగాను. "ఇంట్లోనండీ. మా అమ్మ గడప దాటనివ్వలేదు. ఏదో గోలగా వినపడుతుంటే అటకెక్కి చూద్దామని పోయి తన్నులు తిన్నాను" అన్నారు. అంతే. అంతకుమించి చెప్పమంటే చెప్పలేదు. ఆ వీధిలోనే, ఆ రోజుల్లోనే, ఫ్రెంచివాళ్ళు ఉండాలనుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళ పిల్లలూ, ఈయనా ఒకే బడిలో చదువుకున్నారు. విలీనానికి ఎదురు నిలిచినవాళ్ళంతా చెడ్డవాళ్ళని పుస్తకంలో రాయడం తేలిక. పక్కింట్లో ఉండి అనడం అంత తేలిక కాదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 1954లో మారింది చేతులు మాత్రమే, హక్కు కాదు. కాగితం మీద హక్కు వదులుకునే సంధి మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. దానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం కావాలి. అల్జీరియా యుద్ధం ముగిసేదాకా వాళ్ళు ఆ ఊసెత్తలేదు. 1962 జూలైలో ఎత్తారు. ఆ ఏడు ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. ఆ రోజునే డి జ్యూరే బదిలీ దినం అంటారు. ఇది విన్నప్పుడు నాకు తట్టిన సంగతి ఒకటి రాయకుండా ఉండలేను. 1956 నవంబరు ఒకటిన, మనం అవతరణ దినం అని పండుగ చేసుకునే ఆ రోజున, యానాం కాగితాల మీద ఇంకా ఫ్రాన్సుదే. ఇంకో ఆరేళ్ళకు గానీ పూర్తిగా మన దేశంలోకి రాలేదు. ఆ ఊరివాళ్ళకు అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు పంపడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పండి.

1962లో ఇంకో కాగితం కూడా ఇంటింటికీ వచ్చింది. ఈ ప్రాంతాల్లో పుట్టి ఇక్కడే ఉంటున్నవాళ్ళు ఇక భారత పౌరులు. అలా కాదు, ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోతామనుకుంటే ఆరు నెలల్లోగా రాసి ఇవ్వాలి. ఆరు నెలలు! ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్ళు, పింఛను ఉన్నవాళ్ళు, కొడుకును పారిస్ పంపాలన్న ఆశ ఉన్నవాళ్ళు రాసిచ్చారు. ఎక్కువమంది రాయలేదు. చదువు రాక కొందరు, పట్టించుకోక కొందరు, ఇష్టపడే మరికొందరు. పాండిచ్చేరిలో ఇప్పటికీ వేలమంది తమిళులు ఫ్రెంచి పౌరులు. ఫ్రాన్సు అధ్యక్షుడి ఎన్నికలొస్తే అక్కడ పోలింగు పెడతారు. జూలై 14న సముద్రపు ఒడ్డున యుద్ధ స్మారకం దగ్గర పాత సైనికులు పతకాలు పెట్టుకుని నిలబడతారు, రెండు జాతీయగీతాలూ పాడతారు. యానాంలో అలాంటి ఇళ్ళు తక్కువ. మాస్టారి చిన్నాన్నగారిది అలాంటి ఇల్లు. ఆయన సంతకం పెట్టాడు, మాస్టారి నాన్నగారు పెట్టలేదు. "ఒక కంచంలో తిన్న అన్నదమ్ములండీ" అన్నారు మాస్టారు. చిన్నాన్న మనవలు ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్నారు. తెలుగు కొంచెం కొంచెం వచ్చట. ఒకసారి జూలై 14కు వీళ్ళు వీడియో కాల్ చేసి "బోన్ ఫెత్" అంటే, వాళ్ళు నవంబరు ఒకటికి తిరిగి చేసి "జై హింద్" అన్నారట. ఆ మాట చెప్పి ఆయన చాలాసేపు నవ్వారు. ఈసారి నవ్వు నిజంగానే నవ్వు.

సెలవుల సంగతి కూడా చెప్తాను. చాలాకాలం పుదుచ్చేరి ప్రభుత్వం ఆగస్టు 16నే పెద్ద పండుగగా చేసింది. 2014 నుంచి నవంబరు ఒకటిని విమోచన దినంగా చేస్తోంది. కాబట్టి యానాం పిల్లవాడికి ఆగస్టులో వరసగా రెండు రోజులు జెండా, నవంబరులో మళ్ళీ జెండా. ఒకటి ఢిల్లీలో జరిగినదానికి, ఒకటి కాగితాలు మార్చుకున్నదానికి, ఒకటి పాండిచ్చేరిలో జరిగినదానికి. ఊళ్ళో జరిగినదానికి జూన్ 13 ఉంది గానీ, దానికి మిగతావాటంత హంగు లేదు. తప్పెవరిదీ అని వెతకడం లేదు. పెద్ద ఊళ్ళ తారీఖులు చిన్న ఊళ్ళ తారీఖుల్ని మింగేస్తాయి, అంతే.

ఈ మాట రాస్తుంటే మా ఊరే గుర్తొచ్చింది. 1953లో ఆంధ్ర వేరుపడేటప్పుడు బళ్ళారి ఎటు అని పెద్ద గొడవ జరిగింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి తాలూకా మీద తగువు తేల్చమని మిశ్రా కమిషన్ వేశారు. చివరకు మైసూరుకు ఇచ్చారు. 1953 అక్టోబరు ఒకటిన మేము మైసూరు రాష్ట్రంలో కలిశాం. అంటే నిజానికి బళ్ళారి తారీఖు నవంబరు ఒకటి కాదు, అక్టోబరు ఒకటి. మూడేళ్ళ ముందే. ఆ రోజు మా వీధిలో ఒకింట్లో దీపాలు పెట్టారట, పక్కింట్లో పొయ్యి వెలిగించలేదట. మా నాయనమ్మ చెప్పేది. రెండిళ్ళ పిల్లలూ తర్వాత వియ్యమందారు. ఇప్పుడు అక్టోబరు ఒకటి అంటే మా పిల్లలకు గాంధీ జయంతికి ముందురోజు, అంతే. నవంబరు ఒకటినే అందరూ చేస్తారు, మేమూ మనసారా చేస్తాం. అది మా రాష్ట్రం, అన్నం పెట్టిన నేల. అందులో మొహమాటం లేదు. కానీ ఊరి తారీఖు ఒకటి ఉందని తెలిసి చేయడానికీ, తెలియక చేయడానికీ తేడా ఉంది.

మన సంఘంలో ఒడిశావాళ్ళున్నారు. వాళ్ళకు ఏప్రిల్ ఒకటి ఉత్కళ దినం. 1936లో బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళిన రోజు. షోలాపూర్, ముంబై మిత్రులకు మే ఒకటి మహారాష్ట్ర దినం. తమిళనాడు మిత్రులకు 2019లో నవంబరు ఒకటినే తమిళనాడు దినం అన్నారు, రెండేళ్ళకు దాన్ని జూలై 18కి మార్చారు. హోసూరు సభ్యులొకరు "మేము ఏ తారీఖున సంతోషపడాలో గెజెట్ చూసి చెప్తాం" అని హాస్యమాడారు. ఇన్ని రాష్ట్రాల్లో వందల ఏళ్ళుగా ఉంటున్న మనకు ఒకే అవతరణ దినం ఎలా కుదురుతుంది? భాష ఒకటే అయినంత మాత్రాన పండుగ ఒకటే కావాలని లేదు. నవంబరు ఒకటిన మన గుంపులో ఒకేరోజు మూడు రకాల శుభాకాంక్షలు వస్తే అది గందరగోళం కాదు, అది మన చరిత్ర.

ఇందుకే సంఘం క్యాలెండరు వేసే పెద్దలకు ఒక మనవి. ప్రతి ఏడూ నవంబరు ఒకటి గడిలో "ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం" అని ఒక్కటే వేస్తున్నారు. ఆ గడిలోనే చిన్న అక్షరాలతో "కర్ణాటక రాజ్యోత్సవం, యానాం విమోచన దినం" అని వేయడానికి చోటు సరిపోతుంది, నేను స్కేలు పెట్టి కొలిచాను. ఆగస్టు 16, ఏప్రిల్ ఒకటి, మే ఒకటి గడుల్లో కూడా వేయొచ్చు. జూన్ 13 గడి ఖాళీగానే ఉంది.

ఆ జూన్ 13కు మళ్ళీ యానాం వెళ్ళాలనుకుంటున్నాను. 1954లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటింది. మాస్టారి లాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా కొందరున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని ఫోనులో మాట రికార్డు చేసే ఓపిక ఉన్న కుర్రాళ్ళు కావాలి. విలీనం కోరుకున్న ఇళ్ళకూ వెళ్దాం, వద్దన్న ఇళ్ళకూ వెళ్దాం. కాకినాడ దాకా రైలుంది. పంటు మీద గోదావరి దాటాలన్న సరదా ఉన్నవాళ్ళు మాత్రం నిరాశపడతారు, ఎదుర్లంక వైపు వంతెన వచ్చి చాలా ఏళ్ళయింది. జూన్ కాబట్టి పులస ఇంకా రాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గొడుగు మాత్రం తెచ్చుకోండి, ఎండకైనా వానకైనా పనికొస్తుంది. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి.